బుడ్డదాని మూడు చక్రాల బండి

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. డ్రైవింగ్ స్కూల్ పెట్టి ఊళ్లో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిన మనిషి. పక్కసీట్లో కూర్చుని "బ్రేకు, బ్రేకు" అని ఆయన పెట్టే కేకలు మేడల మీద బట్టలారేసుకునేవాళ్లకు కూడా వినబడేవి. అలా ఆయన బ్రేకు మాస్టారైపోయారు. ఆ స్కూల్ కారులో మాస్టారి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాడు తడబడితే ఈయన తొక్కడానికి. ఏళ్ల తరబడి దాన్ని తొక్కీ తొక్కీ కుడికాలికి అదో అలవాటైపోయింది. బస్సులో కూర్చున్నా, ఇంట్లో టీవీ చూస్తున్నా, ఎదురుగా ఏదైనా జోరుగా వస్తే చాలు, కాలు దానంతటదే నేలను నొక్కేస్తుంది.

ఆయనకు ఒక్కతే కూతురు. ఆసుపత్రిలో నర్సు. ఆమె భర్త బేకరీలో కేకుల మీద క్రీముతో పూలూ లతలూ వేస్తాడు. మామగారు బ్రేకు, అల్లుడు కేకు అని వీధిలో ఒక జోకు నడిచేది. జోకు బాగానే ఉంది గానీ, వాళ్లిద్దరూ కలిసి దానికి నవ్వగా చూసినవాళ్లు లేరు.

పెళ్లయిన కొత్తలో మాస్టారు ఎంతో ముచ్చటపడి అల్లుడికి కారు నేర్పబోయారు. అల్లుడు నోట్లో నాలుక లేని మనిషి. చెప్పినదల్లా విన్నాడు, సీటుబెల్టు పెట్టుకున్నాడు, అద్దాలు సరిచూసుకున్నాడు, నడిచేవాడికన్నా మెల్లగా కారును నాలుగురోడ్ల కూడలి దాకా తీసుకొచ్చాడు. అక్కడ ఆపేశాడు. సైకిళ్లు వెళ్లాయి, ఆగాడు. బడిపిల్లల వరస వెళ్లింది, ఆగాడు. దారంతా ఖాళీ అయ్యాక కూడా ఆగే ఉన్నాడు. ఏమిటయ్యా అంటే రోడ్డు పక్కన కూర్చున్న కుక్కను చూపించి, అది దాటుతుందో లేదో ఇంకా తేల్చుకోలేదన్నాడు. వెనక హారన్ల మోతకు మాస్టారి తల ప్రాణం తోకకొచ్చింది. తలుపు తీసుకుని దిగి, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచి వచ్చేశారు. కాసేపటికి అల్లుడు కారును ఎవరి సాయంతోనో పక్కకు తోసి పెట్టి, తాళంచెవి తెచ్చి బల్ల మీద ఉంచాడు.

ఆనాటి నుంచి మాస్టారు అతన్ని "నువ్వు" అనడం మానేశారు. "అల్లుడుగారూ, బాగున్నారా? ఎండలు ముదిరాయి కదండీ" అనేవారు. వినేవాళ్లకు అది మర్యాదలాగే ఉండేది. కూతురికి మాత్రం ఆ మర్యాద చెవిలో జోరీగలా ఉండేది.

తర్వాత బుడ్డది పుట్టింది. పేరుకు బుడ్డదే గానీ, ఎత్తుకుంటే చిన్న బస్తా బరువు. నిటారుగా కూర్చోవడం వచ్చేసరికి తల్లి సెలవు అయిపోయింది. ఆమె డ్యూటీలో చేరాలి. అల్లుడు తెల్లవారకముందే బేకరీకి వెళ్లి మధ్యాహ్నానికి వస్తాడు. మాస్టారికి భార్య పోయాక కూతురింటికి దగ్గర్లోనే కాపురం, పాఠాలన్నీ సాయంత్రాలే. కాబట్టి పొద్దున పూట తాతయ్య, మధ్యాహ్నం నుంచి తండ్రి పాపను చూసుకునేట్టు ఏర్పాటైంది. ఎత్తుకుని తిప్పితే ఇద్దరి నడుములూ పడిపోతాయని, ఒక తోపుడు బండి కొనమంది కూతురు.

"తోసేది మీరిద్దరూ. ఎంచుకునేదీ మీరిద్దరే," అంది తలదువ్వుకుంటూ. "ఇద్దరికీ నచ్చిందే కొనండి. ఒకరు కొనేసి ఇంకొకరు సణిగే బండి నాకొద్దు."

మామా అల్లుళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

అల్లుడు బేకరీలో సెలవడిగితే, దారిలో ఒక కేకు అందజేసే షరతు మీద యజమాని ఒప్పుకున్నాడు. అది పళ్లడాక్టరు క్లినిక్ వార్షికోత్సవానికి. కేకు అచ్చం దవడపన్ను ఆకారంలో, తెల్లటి క్రీముతో నిగనిగలాడుతోంది. మధ్యాహ్నం భోజనాల వేళకు అందాలి. క్లినిక్ పిల్లల సామాన్ల కొట్టుకు అవతలే కాబట్టి ముందు బండి చూసుకుని ఆ తర్వాత ఇచ్చేద్దామనుకున్నారు. మాస్టారి స్కూల్ కారు క్లచ్ మార్పించుకోవడానికి షెడ్డులో ఉంది, ఆరోజుకు పాఠాలూ లేవు. అందుకని అల్లుడు కేకు పెట్టె, మాస్టారు మనవరాలు, చెరొకటి మోసుకుంటూ నడిచి వెళ్లారు. కొట్టు చేరేసరికి మాస్టారి చేతులు లాగేస్తున్నాయి. బుడ్డది మాత్రం తాతయ్య చెవి పట్టుకుని హాయిగా ఊరు చూసింది.

కొట్టు నడిపేది పెద్ద కళ్లద్దాలావిడ. అల్లుడు కేకు పెట్టెను గల్లా బల్ల మీద పెట్టగానే మాస్టారు పాపను అతనికి అందించి, నేరుగా బండ్ల మధ్యకు వెళ్లి ఒక్కొక్కదాని కిందికి వంగి చూడసాగారు. చక్రాలు గిర్రున తిప్పి చెవి పెట్టి విన్నారు. బ్రేకు నొక్కి, వెనక నుంచి గట్టిగా తోసి చూశారు. మలుపు ఎంత జాగాలో తిరుగుతుందని అడిగితే, ఇంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదంది ఆవిడ. అడగకపోవడమే తప్పని చెప్పి, ఆఖరికి వెండిరంగు మెరుపున్న నాలుగు చక్రాల బండిని ఎంచారాయన.

"నాలుగు మూలలా నాలుగు కాళ్లు. కుర్చీకి నాలుగు, మంచానికి నాలుగు, కారుకు నాలుగు. ఇంక ఆలోచించేదేముందండీ?"

అల్లుడి చూపు మూలనున్న మరో బండి మీద ఉంది. ముందొకటి, వెనక రెండు, మూడే చక్రాలు. పెద్దవి, సైకిల్ చక్రాల్లా గాలి నింపినవి. పిడి దగ్గర చేతిబ్రేకు. ముదురాకుపచ్చ గుడ్డ సీటు.

ముందు వెండిరంగు బండిలో బుడ్డదాన్ని కూర్చోబెట్టారు. కొట్టులో నున్నటి నేల మీద అది నీళ్ల మీద పడవలా పోయింది. మాస్టారి మొహం వెలిగిపోయింది. బయట కూడా చూసుకోండని ఆవిడ వెనక సందు తలుపు తీసింది. అది సామాన్లు దించుకునే సందు. ఎగుడుదిగుడు రాళ్లు పరిచి ఉన్నాయి. బండి అక్కడ అడుగుపెట్టగానే చిన్న చిన్న చక్రాలు తలోదిక్కుకూ తిరుగుతూ దడదడలాడాయి. బుడ్డదాని బుగ్గలు అదిరిపోతున్నాయి. మొదట అదేదో ఆటనుకుంది. తర్వాత కింది పెదవి ముందుకు వచ్చింది. ఒక చక్రం రాళ్ల సందులో ఇరుక్కుని బండి టక్కున ఆగేసరికి సందు మారుమోగేలా ఏడుపందుకుంది.

అల్లుడు పాపను భుజాన వేసుకుని, మూలనున్న బండిని ఒంటి చేత్తో బయటికి తీసుకొచ్చాడు.

"ఇదొకసారి చూద్దాం మావయ్యా," అన్నాడు.

మాస్టారు ఒంటికాలి మీద లేచారు. మూడు చక్రాల బండ్ల సంగతి తనకు తెలియనిదా? టమాటాల లోడుతో వెళ్తున్న మూడు చక్రాల ఆటో ఒకటి మలుపులో పల్టీ కొట్టి రోడ్డంతా ఎర్రగా చేసిన వైనం పూసగుచ్చినట్టు చెప్పారు. అల్లుడు అంతా విని, తనకు తెలిసింది నెమ్మదిగా చెప్పాడు. బేకరీలో పెళ్లికేకులు పెట్టే బల్లకు మూడే కాళ్లున్నాయట. నేల ఎంత వంకరగా ఉన్నా మూడు కాళ్లూ ఆనుకునే ఉంటాయట, అది గజగజలాడదట. నాలుగు కాళ్ల బల్లకైతే ఎప్పుడూ ఒక కాలి కింద అట్టముక్క మడిచి పెట్టాల్సిందేనట.

"బల్ల మలుపు తిరగదు కదండీ అల్లుడుగారూ," అన్నారు మాస్టారు.

"నిజమే మావయ్యా."

నిజమే అన్నాడు గానీ బండి పిడి వదల్లేదు. అతనిలో ఆ మొండితనం మాస్టారికి కొత్త. కళ్లద్దాలావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మాస్టారికి అప్పుడో ఆలోచన తట్టింది. తను ఎంతమందికి పరీక్ష పెట్టలేదు? ఆవిడను అడిగి డైపర్ల పెట్టెలు తెప్పించి, తన స్కూల్ మైదానంలో గుర్తులు నిలబెట్టినట్టు సందులో వరసగా పెట్టారు. వాటి మధ్య నుంచి పాములా మెలికలు తిరుగుతూ పోయి, చివర వెనక్కి తిప్పుకుని రావాలి. ఒక్క పెట్టె తగిలినా బండి ఫెయిలు.

"పాపను ఎక్కించే ముందు కేకును ఎక్కిద్దాం," అన్నాడు అల్లుడు. "కేకు ఏడవదు మావయ్యా. కానీ కుదుపు తగిలితే దాచదు."

మాస్టారు వారించేలోపే పాపను ఆయన చేతికిచ్చి, లోపలి నుంచి కేకు తెచ్చి, అట్టతో సహా పెట్టెలోంచి తీసి సీటులో ఆనించి, పట్టీలు జాగ్రత్తగా సర్దాడు. తోశాడు. పెద్ద చక్రాలు రాళ్ల మీద మెత్తగా పొర్లుకుంటూ పోయాయి. మలుపు దగ్గర అతను ఒక్క క్షణం ఆగుతాడు, పిడిని కొంచెం కిందికి నొక్కుతాడు, ముందు చక్రం తేలికపడగానే తిప్పేస్తాడు. వెళ్లాడు, వచ్చాడు. ఒక్క పెట్టె కదల్లేదు. పన్ను చెక్కుచెదరలేదు. మాస్టారి భుజం మీద బుడ్డది ఏడుపు మరిచిపోయి నోరు తెరుచుకుని చూసింది.

ఒప్పుకోవడానికి మాస్టారికి ప్రాణం ఒప్పలేదు. నత్తనడకన ఎవరైనా తోస్తారు, రేపు నడిదారిలో వానొచ్చి పరుగెత్తాల్సి వస్తే అప్పుడు కదా అసలు సంగతి తెలిసేది అన్నారు. పాపను కళ్లద్దాలావిడకు అందించి పిడి పట్టుకున్నారు. అల్లుడు ముందు కేకు తీద్దామనబోయాడు. ఆయన అప్పటికే బయల్దేరారు.

పెద్దాయనైనా జోరు తక్కువది కాదు. పెట్టెల మధ్య సర్రుసర్రున దూసుకుపోయి, చివరి మలుపులో బండిని ఒక్క ఊపున తిప్పారు. లోపలి వెనకచక్రం గాల్లోకి లేచింది. మాస్టారి కుడికాలు రాతిని దబ్బున తన్నింది, ఆ బండికి అక్కడ ఏ బ్రేకూ లేదు. బండి పక్కకు ఒరిగింది. ఆయన రెండు చేతులా పట్టి నిలబెట్టారు గానీ, దవడపన్ను అప్పటికే జారి పక్కగుడ్డకు కొట్టుకుంది.

పన్నుకు ఒకవైపు పెద్ద సొట్ట. సీటు గుడ్డ మీద క్రీము. తన మాటే నిజమైందన్న సంతోషం మాస్టారికి చిటికెడంత కూడా మిగల్లేదు. ఇదే పని తన కారుకు ఎవరైనా చేసి ఉంటే తను పెట్టే కేకలు ఎలా ఉండేవో ఆయనకు తెలుసు. అల్లుడి నోటి వెంట ఏమొస్తుందా అని తల దించుకుని నిలబడ్డారు.

అల్లుడు కేకు కన్నా ముందు చక్రాన్ని చూశాడు. వంగి, చేత్తో తిప్పి, లేచాడు.

"మీరన్నది నిజమే మావయ్యా. జోరుగా తిప్పితే లేస్తోంది. తెలిసింది, మంచిదైంది. పాప లేనప్పుడే తెలిసింది."

అంతే. అందులో ఎత్తిపొడుపేమైనా ఉందేమోనని మాస్టారు అతని మొహం వెతికారు. లేదు. ఆయనకు గాలి తీసినట్టయింది.

అల్లుడు కేకును లోపలికి తీసుకెళ్లి గల్లా బల్ల మీద పెట్టాడు. కేకు అందజేయడానికి వెళ్లినప్పుడల్లా వెంట ఉంచుకునే సంచీలోంచి పలుచటి కత్తి, క్రీము గొట్టం, ఒక చిన్న డబ్బా తీశాడు. మాస్టారు మనవరాలిని ఎత్తుకుని పక్కన నిలబడ్డారు. అల్లుడు పని చేస్తుండగా చూడటం ఆయనకు అదే మొదలు. పూలేయడమే కదా అనుకునేవారు ఇన్నాళ్లూ. అతను సొట్టను పూడ్చలేదు. కత్తి కొసతో దాని అంచులను గుండ్రంగా చెక్కాడు. చుట్టూ క్రీమును మళ్లీ అద్దంలా నునుపు చేశాడు. తర్వాత డబ్బాలోంచి ఆవగింజలంత వెండిరంగు చక్కెర గుళ్లు తీసి ఆ గుంటలో ఒత్తుగా, ఒక్కటొక్కటే అమర్చాడు. చెయ్యి తొణకలేదు. బుడ్డది ఆ మెరుపుల కోసం రెండు చేతులూ చాస్తోంది, అయినా తొణకలేదు. కాసేపటికి అక్కడ దెబ్బతిన్న పన్ను లేదు. పుచ్చు తీసి వెండిరంగు సిమెంటు నింపిన పన్ను ఉంది.

మాస్టారు నవ్వాపుకోలేకపోయారు. కళ్లద్దాలావిడ కూడా నవ్వింది. బుడ్డది కారణం తెలియకపోయినా అందరికన్నా గట్టిగా నవ్వింది.

భోజనాల వేళ దగ్గరపడుతోంది. పన్నును పెట్టెలో పెడితే తడిక్రీముకు మూత అంటుకుంటుంది. అట్ట మీదే చేతుల్లో పట్టుకుని వెళ్లాలి. పాపనూ మోయాలి. మూడు చక్రాల బండిని క్లినిక్ దాకా తోసుకెళ్లి చూడండి, నచ్చకపోతే తిరిగి తెచ్చేయండి అంది కళ్లద్దాలావిడ, సీటు తడిగుడ్డతో తుడుస్తూ. మాస్టారు పాపను బండిలో కూర్చోబెట్టి పిడి అందుకోబోయారు. సొట్ట పెట్టిన మనిషి చేతికి కేకును ఎవరు ఇస్తారు? కానీ అల్లుడు అట్టను ఆయన చేతుల్లోనే పెట్టాడు.

"మీరు పట్టుకోండి. నేను పాపను తోస్తాను."

బయల్దేరారు. పేవ్‌మెంటు నిండా గతుకులు, ఎవరో ఎప్పుడో తవ్వి పూడ్చిన గుంటలు, అడ్డంగా ఆపిన స్కూటర్లు. బండి అన్నిటి మీదుగా సాగుతోంది. మాస్టారి ఇబ్బంది వేరే. పక్కన బండి నడుస్తోంది, అందులో ప్రాణానికి ప్రాణమైన మనవరాలుంది, నడిపేది కారు విషయంలో తను చేతులెత్తేసిన మనిషి. స్కూటరు ఎదురొచ్చినప్పుడల్లా కుడికాలు నేలను తన్నబోతోంది. తన్నితే చేతుల్లో పన్ను గడగడా వణుకుతోంది. రెండుసార్లు అలా అయ్యేసరికి వెండిగుళ్లు రాలతాయని హడలిపోయి కాలును బిగబట్టుకున్నారు. ఇక చేసేదేమీ లేదు. అల్లుణ్ణి నమ్మడం తప్ప దారి లేదు.

నమ్మాల్సి వచ్చేసరికి చూడటం మొదలుపెట్టారు. అల్లుడి కళ్లు బండి మీద ఉండవు, చాలా ముందుంటాయి. గుంట వచ్చేలోపే దారి మారుస్తాడు. రోడ్డు దాటేచోట ముందు తాను అడుగు వేసి చూసి, తర్వాతే బండిని దించుతాడు. పెద్ద గిడ్డంగి గేటు ఒకటి వచ్చింది. ఇంకా గేటు చేరకముందే అల్లుడు బండి ఆపి చేతిబ్రేకు నొక్కాడు. ఎందుకా అని మాస్టారు అడగబోయేలోపు, లోపలి నుంచి హారనైనా కొట్టకుండా వ్యాను ఒకటి వెనక్కి వచ్చి, బండికి బోలెడు దూరంలో పేవ్‌మెంటును అడ్డంగా కోసుకుంటూ పోయింది. బుడ్డది దానికి చెయ్యి ఊపింది.

మాస్టారు అప్పుడు గమనించారు. తన కాలు కదల్లేదు. వ్యాను వచ్చింది, వెళ్లింది, కాలు మాత్రం నేల మీద మామూలుగా నిలబడి ఉంది.

"నువ్వెలా చూశావురా దాన్ని?" అన్నారు.

అల్లుడు ఆయనవైపు తిరిగి చూశాడు. చాలాకాలం తర్వాత విన్న ఆ "నువ్వు"కు అతని చెవులు కొంచెం ఎర్రబడ్డాయి.

"తెరిచిన గేటు రెక్క కింద సందులోంచి చక్రం కదలడం కనబడింది మావయ్యా. నేను మెల్లగా వెళ్తాను కదా, అన్నీ కనబడతాయి."

మిగిలిన దారంతా మాస్టారు పన్నును చేతుల్లో దేవుడి పటంలా పట్టుకుని అల్లుడి పక్కనే నడిచారు.

క్లినిక్‌లో అందరూ కేకు కోసం కాచుకుని ఉన్నారు. డాక్టరమ్మ దాన్ని చూసి, సిమెంటు నింపిన చోట వేలు చూపించి, ఇది తాము చెప్పలేదే అంది. దారిలో దెబ్బ తగిలిందని, అది తన నిర్వాకమేనని మాస్టారు చెప్పేశారు. డాక్టరమ్మ పకపకా నవ్వి, పన్నన్నాక దెబ్బ తగలకుండా ఉంటుందా అంది. పుచ్చు లేని పన్ను బొమ్మ పెట్టుకుంటే తమకు పనే లేనట్టుంటుందని, ఇదే బాగుందని ఫొటో తీయించుకుంది. వెండిగుళ్ల ముక్క తనకే కావాలని పట్టుబట్టింది కూడా.

తిరుగుదారిలో మాస్టారు తానే పిడి అడిగి తీసుకున్నారు. మలుపు దగ్గర అల్లుడు పక్క నుంచి చెప్పాడు, ఆగండి, కొంచెం కిందికి నొక్కండి, ఇప్పుడు తిప్పండి అని. మాస్టారు బుద్ధిగా ఆగారు, నొక్కారు, తిప్పారు. కొట్టులో డబ్బు కట్టేటప్పుడు ఒక్క షరతు మాత్రం పెట్టారు. పిడికి కట్టిన పట్టీ ఎప్పుడూ తోసేవాళ్ల మణికట్టుకు ఉండాలి, మలుపుల్లో ఎవరూ పరుగెత్తకూడదు. ఎవరూ అంటే తాను కూడా అని విడమరచి చెప్పారు. అల్లుడు నవ్వు దాచుకున్నాడు.

సాయంత్రం కూతురు డ్యూటీ నుంచి వచ్చేసరికి బండి గుమ్మం ముందుంది. మామా అల్లుళ్లు దాని చెరో పక్కా నేల మీద కూర్చుని, గాలి పంపు దగ్గర పెట్టుకుని, చక్రాల్లో గాలి ఎంతుండాలో వాదించుకుంటున్నారు. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు అడ్డం తగులుతున్నారు, మధ్యమధ్య నవ్వుతున్నారు. తండ్రి నోటి వెంట "ఒరే, నీకు తెలీదు నువ్వుండు" అన్న మాట వినబడి ఆమె గేటు దగ్గరే నిలబడిపోయింది. ఏం జరిగిందని అడిగితే ఇద్దరూ ఒకేసారి చెప్పబోయి, ఇద్దరూ ఆగిపోయారు. పన్ను అన్న ముక్కొక్కటే ఆమెకు అర్థమైంది.

"సరే, నన్ను చూడనివ్వండి," అని చెప్పులు విడిచి, పాపకు పట్టీలు బిగించి, పిడి పట్టుకుంది.

పొద్దంతా రోగుల మంచాల మధ్య అడుగులో అడుగేసుకుంటూ తిరిగిన మనిషి. ఎదురుగా వీధి తిన్నగా, ఖాళీగా, సాయంత్రపు ఎండలో పరుచుకుని ఉంది. మొదట నడిచింది. తర్వాత అడుగులు పెద్దవయ్యాయి. ఆ తర్వాత పరుగే. జడ వీపు మీద ఎగురుతోంది, గాలి చక్రాలు బుర్రుమంటున్నాయి, బుడ్డది రెండు చేతులూ పైకెత్తి కిలకిలా నవ్వుతోంది.

"మెల్లగా!" అని బ్రేకు మాస్టారూ కేకు అల్లుడూ ఒక్క గొంతుతో అరిచారు. ఆమెకు వినబడలేదో, వినదలుచుకోలేదో. ఇద్దరూ లేచి, పంపు అక్కడే పడేసి, ఆ వెనకే పరుగందుకున్నారు.